లాంతరు ఆల్బమ్‌ను ఒప్పుకోనివాడు

శారదమ్మ ఫోను చేసినప్పుడు సుదర్శన్ మదనపల్లె టమోటా మార్కెట్లో తన మండీ ముందు నిలబడి వేలంపాట వాడి మీద ఇంతెత్తున అరుస్తున్నాడు. ఫోను చెవికి పెట్టుకున్నాక ఆ అరుపు కాస్తా గొంతులోనే ఉండిపోయింది.

"అన్నా, ఆయన ఆపరేషను వద్దంటాండాడన్నా. రేపు పొద్దున రాయవేలూరు ఆస్పత్రికి పోవాల. మంచం దిగనని మొండికేసుకోని ఉండాడు. నువ్వొచ్చి సెప్పు. నీ మాటైతే ఇంటాడు."

"వస్తాండానమ్మా. ఇప్పుడే బస్సెక్కుతాండా."

"ఇంకొక్క మాటన్నా." శారదమ్మ గొంతు తగ్గించింది. "ఆ లాంతరు పాటల మాటెత్తితే ఈ ఒక్కసారికి అవునని ఒప్పుకో. దానికోసమే కదా మీరిద్దరూ పెండ్లికి ముందునుంచీ కొట్లాడేది. సంతోషంగా పోతాడు." పోతాడు అన్న మాటకు తానే ఉలిక్కిపడి, "ఆస్పత్రికి పోతాడు" అని దిద్దుకుంది.

"సరేనమ్మా" అన్నాడు సుదర్శన్. మాటిచ్చేశాడు.

ఆ లాంతరు గొడవేమిటో ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే అరవై దాటిన ఇద్దరు పెద్దమనుషులకు మతి పోయిందని మీరు అనుకుంటారు. సుదర్శన్, శారదమ్మ మొగుడు సుబ్రమణ్యం మదనపల్లెలో కాలేజీ చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లు. సుబ్రమణ్యం నాయన కోలారు బంగారు గనుల్లో కూలి. అక్కడి ఆంగ్లో ఇండియన్ సూపర్‌వైజరు ఒకాయన ఊరొదిలి పోతూ ఇచ్చిన ఇంగ్లీషు రాక్ పాటల క్యాసెట్టు ఎట్లాగో కొడుకు చేతికి చేరింది. అట్ట మీద ఆరిపోయిన లాంతరు బొమ్మ. బ్యాండు పేరు మూరెడు పొడుగు, ఇద్దరిలో ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని అది లాంతరు ఆల్బమ్ అయింది.

"ప్రపంచంలో దీనికంటే గొప్ప ఆల్బమ్ పుట్టలేదు, పుట్టబోదు" అన్నాడు సుబ్రమణ్యం మొదటి రోజే. అంత మాటంటే సుదర్శన్ ఊరుకుంటాడా! మండీ ఇంట పుట్టినవాడు. ఎంత మంచి సరుకైనా ముందు మొహం చిట్లించాలని ఉగ్గుపాలతో నేర్చినవాడు. "రెండో పక్కన ఆ డ్రమ్ముల పాట ఒకటి సాలు, దాన్ని బాయిలో ముంచేదానికి" అన్నాడు. అంతే, అప్పుడు రాజుకున్న గొడవ మళ్లీ ఆరలేదు. సుబ్రమణ్యం కుప్పంలో స్థిరపడి, రోజూ రైల్లో బెంగుళూరు ఫ్యాక్టరీకి పోయి వచ్చి రిటైరయినాడు. గొడవ మాత్రం రిటైరు కాలేదు. పెళ్లిలో పంక్తిలో కూర్చున్నా అదే, చావింట్లో అరుగు మీద కూర్చున్నా అదే. మొన్నీమధ్య ఏదో విదేశీ పత్రిక అన్ని కాలాలకూ గొప్ప ఆల్బమ్‌లని ఒక వరుస వేసి, లాంతరును మొదట పెట్టిందట. సుబ్రమణ్యం దాన్ని ఫోనులో పంపి "ఇప్పుడేమంటావు?" అన్నాడు. "పత్రికోళ్లు డ్రమ్ముల పాట దాకా ఇనుండరు" అని సుదర్శన్ జవాబు.

ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. ఆ డ్రమ్ముల పాటను సుదర్శన్ కూడా ఏనాడూ చివరిదాకా వినలేదు. మొదలైన నిమిషానికే క్యాసెట్టు ముందుకు తిప్పేసేవాడు.

బస్సెక్కి కూర్చున్నాక అదే గుర్తొచ్చింది. జబ్బు మనిషి ముఖం మీద అబద్ధమాడబోతున్నాడు. ఆడేవాడు సరుకైనా చూసి ఆడాలి గదా. కూతురు తేజస్విని ఎప్పుడో ఆ పాటలన్నీ ఫోనులో ఎక్కించి పెట్టింది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాడు. పాటలు నడుస్తున్నాయిగానీ మనసు మనసులో లేదు. సుబ్రమణ్యం గుండెలో మూడు చోట్ల అడ్డం ఉందన్నారు, కోస్తే బాగవుతుందని డాక్టరే చెప్పాడు. మరి వీడికేం రోగం, రానంటాడు? ఒకవేళ నేను పోయేలోగానే ఏమన్నా అయితే? ఫోను తెర వెలిగినప్పుడల్లా శారదమ్మేనేమోనని చెమటలు పట్టాయి.

పుంగనూరులో బస్సు ఆగితే దిగి బత్తాయిలు కొన్నాడు. మళ్లీ ఎక్కి కూర్చునేసరికి డ్రమ్ముల పాట మొదలైంది. వేలు అలవాటుగా ముందుకు తిప్పడానికి పోయింది. బలవంతాన ఆపుకున్నాడు.

డ్రమ్ములు కొడుతూనే ఉన్నాయి. పాట లేదు, గిటారు లేదు, ఉత్త బాదుడు. పోనుపోను ఊపిరాడనట్టయింది. ఇక చాలురా నాయనా అనుకునే క్షణానికి టక్కున ఆగిపోయింది. ఫోను చచ్చిందేమో అనుకున్నాడు. అప్పుడు వచ్చింది ఒక గొంతు. వాయిద్యం ఏదీ లేదు. అలిసిపోయిన మనిషి గొంతు. మొదటి పక్కన మొట్టమొదట ఎగిరెగిరి పాడిన పాటనే ఇప్పుడు నిదానంగా, మధ్యమధ్య ఊపిరి పీల్చుకుంటూ పాడుతోంది. బాదుడంతా ఎందుకో అప్పుడు తెలిసింది. ఆల్బమ్ మొత్తం ఈ గొంతు కోసమే కాచుకుని ఉంది.

ఓరి సుబ్రమణ్యం, నువ్వు చెప్పింది నిజమేరా అనుకున్నాడు సుదర్శన్. కళ్లలో నీళ్లు బొటబొటా కారిపోయాయి.

పక్క సీట్లో పెద్దపంజాణి పోయే ముసలామె చూసింది. "ఏమప్పా, ఇంట్లో ఎవురికన్నా బాగల్యా?"

"స్నేహితునికమ్మా."

"ఏం కాదులేప్పా. అంతా బాగైపోతాది."

ఎవరో ఏమో తెలియకుండానే ఎంత సులువుగా అనేసింది! మంచి మాటే, ఎవరైనా అనే మాటే. అయినా ఆ సులువుకే సుదర్శన్‌కు భయం వేసింది.

కుప్పంలో రైల్వే స్టేషన్ వెనక సందులో ఇల్లు. సుబ్రమణ్యం మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సగమైనాడు. బత్తాయిల వైపు చూసి, "నువ్వు కూడా పండ్లు తెచ్చినావా?" అన్నాడు. "నా ఇంటికి ఒట్టి సేతులతో వచ్చి నా కాఫీ కూడా తాగిపోయేటోడివి కదప్పా!"

సుదర్శన్ బత్తాయిల సంచీ కింద పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాకిలి దగ్గర శారదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఈ ఇంట్లో నాకు కాదనే మాట ఇనపడక రెండు నెల్లయింది" అన్నాడు సుబ్రమణ్యం. "డాక్టరు ఉప్పు తినొద్దన్నాడా? ఊరగాయ అడిగితే ఈమె మారుమాట్లాడకుండా ఏస్తాంది. మా తమ్ముడు గంగులయ్య, సేని గట్టు కోసం నా మొగం సూడనోడు, మొన్నొచ్చి గట్టు నీదేలేన్నా అని ఏడ్సి పోయినాడు. పక్కింటి శ్రీరాములు పులిజూదంలో కావాలనే ఓడిపోతాండాడు. అందురికీ ఏదో తెలుసు. నాకొక్కనికే సెప్పల్యా. పొయ్యేటోన్ని కోసేదెందుకు? నా ఇంట్లో నేను పోతా."

"అట్లేం లేదప్పా, డాక్టరు—"

"ఆ మాట అందురూ సెప్పినారు. నువ్వొక్కనివి మిగిలినావు." సుబ్రమణ్యం ముందుకు వంగాడు. "సెప్పు సుదర్శనా. లాంతరు గొప్పదా, కాదా?"

వాకిట్లో శారదమ్మ రెండు చేతులూ జోడించింది. అవునను అన్నా, అవునను అని ఆ కళ్లు బతిమాలాయి. సుదర్శన్‌కు కూడా అవుననాలనే ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. బస్సులో విన్నదంతా చెప్పి, రేయ్, నువ్వే గెలిచావురా అని వాటేసుకోవాలనిపించింది.

అప్పుడు అతని కళ్లు సుబ్రమణ్యం చేతుల మీద పడ్డాయి. దుప్పటి అంచును పట్టుకుని అవి నలిపేస్తున్నాయి. గెలవబోయే మనిషి చేతులు అట్లా ఉండవు. ఆ భయం సుదర్శన్‌కు రోజూ మండీలో కనిపించేదే. రైతు చెప్పిన రేటుకు వ్యాపారి నోరెత్తకుండా తలూపితే, ఆ రైతుకు సంతోషం కాదు, గుండె జారుతుంది. బేరం చేసేవాడే నిజంగా కొనేవాడు.

భగవంతుడా, నేను కూడా అవునంటే ఆశ వదిలేసి వీడు చచ్చిపోతాడు అనుకున్నాడు సుదర్శన్.

"ఏం గొప్పప్పా?" అన్నాడు పెద్దగా. "ఎవురో పత్రికోడు రాస్తే గొప్పదైపోతాదా? ఆ డ్రమ్ముల పాటొకటి సాలు. జాతరలో మన పలకలోళ్లు దాన్ని తలదన్నేటట్టు కొడతారు. కడాకు ఆ గొంతన్నా రాకపోయింటే..."

నాలుక కరుచుకున్నాడు. ఆలస్యమైపోయింది.

సుబ్రమణ్యం ముఖం పాలిపోయింది. "గొంతా? నువ్వు కడాకు ఇన్నావా?"

"ఇన్నా. బస్సులో."

"యాల ఇన్నావు? ఇన్నేండ్లు ఇననోడివి, ఇప్పుడు యాల ఇన్నావు?"

సుదర్శన్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఈ ఒక్క జవాబు తప్పితే అంతా తప్పినట్టే.

"యాల ఏంది? నిన్ను మట్టి కరిపిద్దామని!" అని కస్సుమన్నాడు. "ఇనకుండానే తిడతాండావని నువ్వే కదా దెప్పేది? ఇన్నా. ఇన్నాక నాకింకా గట్టి నమ్మకమొచ్చింది. ఆ గొంతునొక్కదాన్ని పెట్టి దరువంతా పీకేసింటే ఏమన్నా అయ్యుండేదేమో. ఆ బాదుడికి నాకు నిద్దరొచ్చింది పో!"

"నిద్దరా!" సుబ్రమణ్యం దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు. "ఆ దరువు లేకుంటే గొంతుకు ఇలువేముందప్పా! ఊపిరాడకుండా సేసి, ఆమీట ఊపిరిస్తాడు. అదే కదా అందులో ఉండేది! అర్థం కాలేదా నీకు?"

అర్థమయింది. పుంగనూరు దాటాక అచ్చంగా అదే అర్థమయింది. "అర్థం కాలేదు" అన్నాడు సుదర్శన్. పుట్టి బుద్ధెరిగినాక అంత పెద్ద అబద్ధం ఆడలేదు.

"మట్టి బుర్ర! టమోటాలమ్మేటోనికి పాటలెందుకు!"

"అన్నా, సాలించన్నా" అని శారదమ్మ ఏడుస్తూ లోపలికొచ్చింది. "గుండెకు మంచిది కాదన్నా."

వీడికి ఇప్పుడేమన్నా అయితే ఆ పాపం నాదే అనుకున్నాడు సుదర్శన్. అయినా వెనక్కి తగ్గలేదు. "నువ్వెంతన్నా అరువు. సచ్చినా ఒప్పుకోను!"

రెండు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట అది. శారదమ్మ బిక్కచచ్చిపోయింది. సుబ్రమణ్యం స్నేహితుణ్ని అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"శారదా, ఈయప్పకేమీ తెలీదు. ఎవురూ ఏమీ సెప్పలేదు వీనికి. తెలిసుంటే నాతో ఇట్లా మాట్లాడతాడా? నిజంగానే ఏమీ లేనట్టుండాది." దిండు కిందినుంచి ఆస్పత్రికి తీసుకుపోయే పెట్టె తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "బట్టలు సర్దు. వీడు ఒప్పుకునేదాకా నేను యాడికీ పోయేది ల్యా. ముందు ఇద్దరికీ అన్నం పెట్టు. ఊరగాయ ఎయ్యి."

శారదమ్మ సుదర్శన్ వైపు చూసింది. ఏం తట్టిందో ఏమో కళ్లు తుడుచుకుని, "ఊరగాయ లేదు, ఏమీ లేదు. సప్పిడి పప్పు తిను" అంది మొగుడితో. సుబ్రమణ్యం గొణుక్కున్నాడు గానీ ముఖం మాత్రం వెలిగింది.

ఆపరేషను రోజు పొద్దున సుదర్శన్ మండీలో ఉండగా ఫోను మోగింది. సుబ్రమణ్యమే. "లోపలికి తీసకపోతాండారప్పా. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను!" అని సుదర్శన్ అరిచిన అరుపుకు వేలంపాట ఆగిపోయింది. రైతులందరూ తిరిగి చూశారు.

టమోటా పెట్టెల వెనక్కి పోయి కూర్చున్నాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డ్రమ్ముల పాట మొదలుపెట్టాడు. అది అయిపోతే మళ్లీ పెట్టాడు. ఫోను వస్తే పాట ఆగుతుందని తెలుసు. ఆగాలని మొక్కుకుంటూనే వింటున్నాడు. మధ్యాహ్నం ఎండ పెట్టెల మీదికి వచ్చిన తర్వాత, డ్రమ్ముల మధ్యలో పాట టక్కున ఆగింది.

"బయటికి తెచ్చినారన్నా" అంది శారదమ్మ. "బాగుండాడంట. కండ్లు తెరిసినాడు."

సుదర్శన్ ఇయర్‌ఫోన్లు పీకేసి ఫోను చెవికి ఆనించుకున్నాడు. మొదట అడిగింది ఇది. "అమ్మా, అది నిజంగానే గొప్పదమ్మా. నేను ఇన్నా కదా. ఇప్పుడన్నా వానితో ఒప్పుకోవచ్చునా?"

"వద్దన్నా" అంది శారదమ్మ, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "నీకు దండం పెడతా. ఎప్పటికీ ఒప్పుకోవద్దు."

"సరేనమ్మా" అన్నాడు సుదర్శన్. ఈసారి మాట తప్పలేదు.