గుంతలో ముల్లంగి

మా ఆయన శ్యాంసుందర్ ఏ పనీ సగం పాడుచేయడు. చేస్తే పూర్తిగా పాడుచేస్తాడు. కాజీపేటలో రైల్వే కరెంటు ఉద్యోగం, ఇంటికొస్తే ఫోన్ చూసి నేర్చుకున్న పనులు. మొన్నటేడు పుట్టగొడుగులు, నిరుడు రంగు చేపలు. రెండూ నా చేతి వల్లే చచ్చాయని ఇప్పటికీ చుట్టాలకు చెబుతుంటాడు. ఈసారి ముల్లంగి పట్టుకున్నాడు. అదీ మట్టి లేకుండా, ఇంటి లోపల, మా మామ మగ్గం గుంతలో.

ముందు ఆ గుంత సంగతి చెప్పాలి. వరంగల్ కొత్తవాడలో మాది పాత పెంకుటిల్లు. ముందు గది నేలలో నడుములోతు గుంత ఉంది. మా మామ బుచ్చిరాములు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి, అడుగున ఉండే చెక్కలు తొక్కుతూ నలభై ఏళ్లు జంపఖానాలు నేశాడు. తొక్కీ తొక్కీ ఆయన కుడికాలి బొటనవేలు బయటికి వంగిపోయింది. పోయిన జూన్‌లో ఒక పొద్దున నేస్తూనే పక్కకు ఒరిగాడు. వెన్నులో నరానికి రక్తం అందలేదని దవాఖానలో చెప్పారు. మాట ఉంది, చేతులు ఉన్నాయి, నడుము కింద ఏమీ లేదు. ఎక్సర్‌సైజులు చేయిస్తే రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

నాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి నెల రోజులు మంచం దిగలేదు. ఆ నెలంతా మామ పొద్దున్నే జావ కాచి, నా తలదగ్గర పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లి మగ్గం మీద కూర్చునేవాడు. మామ మళ్లీ నడవాలని శ్యాం కన్నా నేనే ఎక్కువ మొక్కుకున్నాను. ఇందులో దాచేదేమీ లేదు.

మా వాడలో ఒక పద్ధతి ఉంది. మగ్గం దింపే రోజు, నేసిన మనిషి గుంత మీద కాళ్లు కడుక్కోవాలి. ఆ నీళ్లు గుంతలో పడాలి. వాటి మీద మట్టి పోసి ఆ పూటే పూడ్చేయాలి. మేమేమో మామ దవాఖానలో ఉండగానే, మంచానికి చోటు కావాలని మగ్గం విప్పి అటక మీద పడేశాం. మామకు ఇరవై ఏళ్లు నూలు కండెలు చుట్టిన ఎదురింటి పూలమ్మ అది చూసి గడపలోనే నిలబడిపోయింది.

"కాళ్లు కడగకుంటనే మగ్గం దింపిండ్రా? గుంత గిట్లనే ఉంచుతరా?"

"నాయిన లేసినంక ఆయనే కడుక్కుంటడు పెద్దమ్మా. గప్పటిదాక గుంత ఉత్తగ ఎందుకు? మంచి ట్యాంకు లెక్క ఉన్నది" అన్నాడు శ్యాం.

గుంతకు ప్లాస్టిక్ పట్టా పరిచి సగానికి నీళ్లు నింపాడు. మొక్కకు బలమిచ్చే ఉప్పుల మందు రెండు డబ్బాలు కలిపాడు. చేపల తొట్టిలో మిగిలిన గాలి మోటారు దించాడు. గుంత మీద చెక్కలు వేసి, వాటి మీద అడుగున బొక్కలున్న పన్నెండు బకెట్లు పెట్టి, కొబ్బరిపొట్టు, కాల్చిన మట్టి గుళికలు నింపాడు. దుంప బకెట్లో ఊరుతుందట, పీచు వేర్లు బొక్కల్లోంచి దిగి నీళ్లు తాగుతాయట. పైన గులాబీరంగు లైట్లు వేలాడదీశాడు. పట్టపగలు కూడా ఆ గది జాతరలో రంగులరాట్నం కింద నిలబడ్డట్టే ఉండేది. మామ మంచం పక్క గదిలో, మధ్యలో ఒక గోడ.

నలభై అయిదో రోజు మొదటి నాలుగు పీకాడు. నాలుగూ చీలి ఉన్నాయి, రెండు కాళ్ల మనిషి నడుము నుంచి కిందికి ఉన్నట్టు. వాడంతా వచ్చి నవ్వి ఫోటోలు తీసుకున్నారు. వేరుకు ఏదన్నా అడ్డం తగిలితే చీలుతుందని శ్యాం అందరికీ పాఠం చెప్పాడు. నేను సాంబారు పెట్టాను. మామ కూడా రెండు ముక్కలు తిన్నాడు. మర్నాడు ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి తేజస్విని వచ్చింది. రెండు వారాలుగా కొంచెం కొంచెం కదులుతున్న మామ ఎడమకాలి వేళ్లు ఆ రోజు కదల్లేదు. ఒక్కో రోజు అట్లనే ఉంటది, ఫికర్ చేయకుండ్రి అని వెళ్లిపోయింది.

వారం తర్వాత ఇంకో మూడు పీకాడు. అందులో ఒకదాన్ని కత్తిపీట మీద పెట్టి, తొక్క గీకుతూ ఆగిపోయాను. కుడి పాయ చివర చిన్న చిన్న బుడిపెలు, అయిదు. మొదటిది బయటికి వంగి ఉంది. నేను రోజూ నూనె రాసే కాలు అది, నాకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? చేతిలోని దుంప వదిలేసి లేచి వెళ్లి మామ కాలు పట్టుకున్నాను. చీలమండ చల్లగా ఉంది. గిల్లాను. ఈమధ్య కొంచెం స్పర్శ వచ్చి, నిన్నటిదాకా గిల్లితే అబ్బా అనేవాడు.

"ఏం చేస్తానవ్ బిడ్డా?" అన్నాడు మామ నా చేతి వైపు చూస్తూ.

గిల్లింది ఆయన కళ్లకు తెలిసింది గాని, కాలికి తెలియలేదు.

శ్యాంకు చెబితే నవ్వాడు. "నీకు నిద్ర తక్కువైతాంది రాజేశ్వరీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు మధ్యాహ్నం, అతను భోజనానికి వచ్చినప్పుడు, మామ పక్కన కూర్చోబెట్టి ముందు గదిలోకి వెళ్లాను. మామకు ఏమీ చెప్పలేదు. ఒక బకెట్లో ఆకుల మొదలు పట్టుకుని నెమ్మదిగా లాగాను. దుంప రాలేదు. కింద నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగిసింది. ఇంకొంచెం గట్టిగా లాగాను.

గోడవతల మామ కేక పెట్టాడు. "అరే, నా కాలు ఎవరో గుంజుతాండ్రు! శ్యాం, చూడురా!"

వదిలేశాను. శ్యాం తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు లేదు. నా చేతివైపు, బకెట్ వైపు చూసి, "ఇంకోసారి గుంజకు" అన్నాడు. ఆ రోజు అన్నం తినలేదు. మా పెళ్లయిన పదమూడేళ్లలో అతను అన్నం వదిలేయడం అదే మొదలు.

పూలమ్మను పిలిచి చూపించాను. ఆమె గుంత దగ్గరికి కూడా రాలేదు.

"వాని కాళ్లు ఇంక గుంతల్నే ఉన్నయి బిడ్డా. మీరు కడిగి తియ్యలే. పైకెల్లి నీళ్లు పోసిండ్రు, మందు పోసిండ్రు. మొలువక ఏం చేస్తయి?"

"ఇప్పుడు పూడుస్తే?"

"ఇప్పుడు పూడిస్తే కాళ్లను పూడ్చినట్టే."

మిగిలినవి అయిదు. వాటిని ఎవరూ ముట్టుకోవద్దని నిర్ణయించుకున్నాం. అట్లా మా ఇంట్లో ముల్లంగి కూర మానేసి ముల్లంగికి సేవ మొదలైంది. నీళ్లు మార్చేది నేను, మందు కొలిచేది శ్యాం. కరెంటు ఎప్పుడు పోతుందోనని గాలి మోటారు కోసమే ఇన్వర్టర్ పెట్టించాడు. చెక్క జరిపి చూస్తే పీచు వేర్లు గుంత అడుగుదాకా దిగి, మామ తొక్కే చెక్కలు ఉండే చోట రెండు పాయలుగా విడిపోయి కనిపించేవి. ఒక పాయ కిందికి ఒత్తినట్టు, ఒక పాయ పైకి లేచినట్టు. మళ్లీ చూస్తే మొదటిది పైకి, రెండోది కిందికి ఉండేవి. నేను చూసేటప్పుడు ఎన్నడూ కదల్లేదు.

మామకు మాత్రం వేళ్లు వచ్చాయి. తర్వాత చీలమండ, తర్వాత మోకాలు. దసరా దాటిన రెండు వారాలకు గోడ పట్టుకుని నిలబడ్డాడు. తేజస్విని చప్పట్లు కొట్టింది. దీపావళి నాటికి కర్రతో వీధి చివర చాయ్ హోటల్ దాకా పోయి వచ్చాడు. ఆ రోజు నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనే. ఎట్లా వచ్చిన కాళ్లయితే నాకేంటి, మామ నడుస్తున్నాడు.

డిసెంబరులో ముల్లంగి నడిమి నుంచి కాడ లేచింది. వారంలో తెల్లటి పూలు. పొలం తెలిసిన వాళ్లను ఎవరినైనా అడగండి, పూతకొచ్చిన ముల్లంగి దుంప లోపల బెండు పడి డొల్లవుతుంది. పదహారు గంటలు లైట్లు వేసి పెడితే పూతకు రాక ఏం చేస్తుందని శ్యాం మీద అరిచాను. పూలు తుంచితే పక్కన ఇంకో నాలుగు వచ్చేవి.

"కాళ్లు తేలికగున్నయి బిడ్డా" అన్నాడు మామ సంబరంగా. "నేల మీద పెడితే పెట్టినట్టే లేదు."

నేను ఆయన పిక్క మీద వేలితో కొట్టి చూశాను. ఎండిన సొరకాయ మీద కొట్టినట్టు మోగింది. సంక్రాంతి దాటాక మంచం దిగలేకపోయాడు. ఈసారి మొద్దుబారడం చీలమండతో ఆగలేదు, నడుము దాటి పైకి వస్తున్నట్టుంది. చెంచా పట్టుకున్న చెయ్యి వణికేది. ఒకనాడు నన్ను పిలిచి, "నాకు పానం ఉన్నంత సేపు నిన్ను కష్టపెడుతనేమో" అన్నాడు. ఆ మాట నేను ఓర్చుకోలేకపోయాను.

కాయలు ఎండాయి. శ్యాం గింజలు తీసి, గుంత కడిగి, కొత్త నీళ్లు నింపి మళ్లీ పెట్టాడు. మొలిచాయి, పెరిగాయి. నెల తర్వాత ఒకటి తవ్వి చూస్తే నున్నగా, తిన్నగా, అంగట్లో దొరికే ముల్లంగి. చీలిక లేదు. మామలో మార్పు లేదు. శ్యాం ఆ దుంపను చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని ఏడ్చాడు. జీవితంలో మొదటిసారి అతని పంట బాగా వచ్చింది.

"కాళ్లు లేని గుంతల కాళ్లెట్ల మొలుస్తయి?" అంది పూలమ్మ. నా వంక చూడకుండానే అంది.

నాకు తెలియక చేశానని చెప్పుకోవచ్చు. కాని తెలిసే చేశాను. శ్యాం డ్యూటీకి పోయిన పొద్దున, ఆ తిన్నని ముల్లంగులన్నీ పీకేశాను. చెక్కలు జరిపి, మామ కూర్చునే చోటే కూర్చుని, కాళ్లు నీళ్లలోకి దించాను. మోకాళ్ల దాకా చల్లగా తగిలింది. అడుగున అరికాళ్లకు పట్టా తగలాలి. పట్టా కాదు, మామ తొక్కిన పాత చెక్కలు తగిలాయి, అటక మీద ఉండాల్సినవి. అవి మెల్లగా నా కాళ్ల కింద దిగి, మళ్లీ పైకి లేచాయి. భయమేసింది. అయినా లేవలేదు. పన్నెండు బకెట్లు ఒళ్లోకి ఒకటొకటిగా తీసుకుని, మిగిలిన గింజలన్నీ పెట్టి, అప్పుడు లేచాను. కాళ్లు కడుక్కోలేదు.

ఇప్పటికి నలభై రోజులయింది. పదో రోజుకు మామ చెయ్యి వణకడం ఆగింది. ఇరవయ్యో రోజుకు నిలబడ్డాడు. నాలుగు రోజుల కింద ఒక బకెట్లో మట్టి గుళికలు కొంచెం పక్కకు తీసి చూశాను. రెండు కాళ్లు ఉన్నాయి. వేళ్లలో వంకర లేదు. రెండో వేలి చుట్టూ మాత్రం మెట్టె ఒరుసుకున్న గాడి ఉంది. గుళికలు మళ్లీ కప్పేశాను. శ్యాంకు చూపించలేదు. నాకు నడుం నొప్పి అని చెప్పి మూడు రోజులుగా కుర్చీలోనే కూర్చుని కూర తరుగుతున్నాను.

ఈ పొద్దున మామ కర్ర లేకుండా బయటికి నడిచాడు. కుర్చీలోంచి ఆ అడుగులు విన్నాను. చిన్న చిన్న అడుగులు, తొందర తొందరగా, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి. పూలమ్మకు దూరం చూపు ఆనదు, అడుగుల చప్పుడు విని అరుగు మీది నుంచే పిలిచింది.

"రాజేశ్వరీ, యాడికి పోతానవే పొద్దుపొద్దున?"

"నేను పూలమ్మా, బుచ్చిరాములును" అని మామ నవ్వాడు. పూలమ్మ నవ్వలేదు.

కాసేపటికి లోపలికి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ముఖం తోమిన గిన్నెలా మెరుస్తోంది. ఇంత సంతోషంగా ఆయన్ను నేను ఎప్పుడూ చూడలేదు.

"లే బిడ్డా. ఏడాది సంది నా కాళ్లకాడనే కూసున్నవు. భద్రకాళి చెరువు కట్ట మీద ఇద్దరం జర నడిసొద్దాం" అని చెయ్యి చాచాడు.

"నువ్వు పోయిరా మామా. నాకు పనుంది" అన్నాను. చీర కుచ్చిళ్లు కదలని నా పాదాల మీదికి లాక్కున్నాను.