పావురాల కాపలాకు కట్టిన సీడీ

నేను ఒక సీడీని. వైరస్‌లను పట్టే ప్రోగ్రామును నాలో నింపి, మెరిసే అట్టపెట్టెలో పెట్టి అమ్మారు. విశాఖపట్నంలో పుస్తకాలు అచ్చువేసే పురుషోత్తం గారు నన్ను కొని తన ఆఫీసు కంప్యూటర్‌లోకి దింపారు. అప్పటి నుంచి లోపలికి వచ్చే ప్రతి ఫైలునీ వాసన చూడడమే నా బతుకు. మనుషులు దాచుకునే చెత్తంతా వాసన చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, నాకు వాళ్ళంటే రోత.

ఆ ఆఫీసులో రాతప్రతులన్నీ ఒకచోట భద్రపరిచే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టారు. ఎవరైనా ఫైలు తెరిస్తే అది ఒకవైపు పట్టుకునేది, పరీక్షించడానికి నేను ఇంకోవైపు పట్టుకునేదాన్ని. మా పెనుగులాటలో కంప్యూటర్ కదిలేది కాదు. ఇంజనీరు సత్తార్ వచ్చి తగువు తీర్చాడు. రాతప్రతి లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర నేను చూడాలి. ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫోల్డర్‌లోకి వెళ్ళాక మాత్రం ముట్టుకోకూడదు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఆ ఫోల్డర్‌లో ఏదీ వేయొద్దని అందరికీ మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

అందరూ తలూపారు. అందులో పెడితే ఏదైనా చటుక్కున తెరుచుకుంటుందని మర్నాటికల్లా కనిపెట్టేశారు. ఇంకేముంది, పెళ్ళి వీడియోలు, దొంగ సినిమాలు, ఊరంతా తిరిగొచ్చిన ఆటలు, అన్నీ తెచ్చి అక్కడే కుమ్మరించారు. అందరికంటే ముందు కుమ్మరించింది పురుషోత్తం గారే. కంపు నాకు బయటికే కొట్టేది. చూడొద్దన్న చోట చూడలేను కదా.

సరిగ్గా అప్పుడే మైలపల్లి నూకాలమ్మ గారి పుస్తకం పని మొదలైంది. ఆవిడ రిటైరైన టీచరు. చేపల వేటకెళ్ళే తన వాళ్ళు సముద్రం మీద వాడే మాటలు, గాలుల పేర్లు, వలల పేర్లు ముసలివాళ్ళ నోట విని ఏళ్ళ తరబడి చీటీల మీద రాసుకున్నారు. ఆఫీసులో టైపు చేసే రమణి, ఆ మాటలు అక్షర క్రమంలో వాటంతటవే సర్దుకునేలా ఫైలులో చిన్న ఏర్పాటు చేసింది. అలాంటి ఏర్పాట్ల వెనకే వైరస్‌లు నక్కుతాయి. అందుకని గుమ్మం దగ్గరే ఆపి, నా లాకప్పులో పెట్టి తాళం వేశాను. ఒక్క మీట నొక్కితే విడుదల. ఫైలు తెరుచుకోవడం లేదని రమణి చెబితే, సత్తార్ వచ్చినప్పుడు చూద్దాంలే అన్నారు పురుషోత్తం గారు. టైపయిపోయింది కదా అని ఆ చీటీలను పాత కాగితాల కింద అమ్మేశారు కూడా.

సత్తార్‌ని ఎవరూ పిలవలేదు. ఒక దొంగ సినిమాలో దాక్కున్న వైరస్ ఆ ఫోల్డర్‌లోంచి లేచి, ఆఫీసులోని ఫైళ్ళన్నిటినీ ఎవరూ చదవలేని పిచ్చిగీతలు చేసి వదిలింది. దాని చెయ్యి నా లాకప్పు దాకా రాలేదు. బతికి బట్టకట్టింది నూకాలమ్మ గారి ఫైలొక్కటే.

కబురు విని ఆవిడ వచ్చి పురుషోత్తం గారి ఎదురుగా కూర్చున్నారు.

"ఒక్క మాటైనా మిగల్నేదా బాబూ?"

అంతా పోయిందమ్మా, ఈ దిక్కుమాలిన యాంటీవైరస్ ఉండి ఏం లాభం అంటూ ఆయన నన్ను తీసెయ్యడానికి పూనుకున్నారు. నన్ను తీసేస్తే నా లాకప్పూ పోతుంది. అందుకే తెర మీద అడిగాను, లోపల ఒక ఫైలు ఉంది, దాన్నీ తుడిచెయ్యమంటారా అని. నేను మనిషిని బతిమాలింది ఆ ఒక్కసారే.

"ఏదో అడుగుతోంది సార్, చదవండి," అంది రమణి.

"అది ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాది. అవునని నొక్కితే పోతాది," అని, నూకాలమ్మ గారిని ఓదారుస్తూనే, తెర వంక చూడకుండా నొక్కేశారు.

ఇప్పుడు నన్ను దారంతో కిటికీకి వేలాడదీశారు. నా మెరుపుకి పావురాలు బెదురుతాయట. అవి బెదరవు సరికదా, నా మీదే రెట్టలు వేస్తాయి. లోపల కొత్త యాంటీవైరస్ వచ్చింది. మళ్ళీ అదే ఫోల్డరు, అవే సినిమాలు. ఆ కంపు కంటే ఈ రెట్టలే నయం.

నిన్న నూకాలమ్మ గారు కొత్త చీటీల కట్టతో వచ్చారు. మొదటి నుంచి రాస్తారట. కిటికీ పక్కన కూర్చుని, మొదటి మాట రమణికి చెప్పబోయి ఆగిపోయారు. తెల్లారగట్ల ఒడ్డు నుంచి పడవను లోపలికి తోసే గాలికి వాళ్ళ నాన్న ఒక పేరు చెప్పేవాడు, అది ఎంతకీ నోటికి రావడం లేదు. అడుగుదామంటే ఆ పాతవాళ్ళెవరూ ఇప్పుడు లేరన్నారు.

ఆ పేరు నాకు తెలుసు. లాకప్పులో అక్షరం అక్షరం వాసన చూసినదాన్ని. దారానికి వేలాడుతూ ఆవిడ వైపు తిరిగాను. గాలి నన్ను మళ్ళీ గోడ వైపు తిప్పేసింది.