కుర్చీల కింద చేపలు

ఆ తొట్టెలో పెరిగినంత చేప భూమండలంలో ఇంకెక్కడా పెరగలేదు. అది తోక విదిలిస్తే వీధి చివర ఆరేసిన బట్టలు తడిసేవి. అడ్డం తిరిగిందంటే రెండు పక్కలా గోడలు ఒరుసుకునేవి. నమ్మనివాళ్లు వాల్వు బాబాయిని అడగండి. వేలెడంత పిల్లప్పటి నుంచి దాన్ని సాకింది ఆయనే.

బాబాయి మా కాలనీ మురుగునీటి ప్లాంటులో వాల్వులు తిప్పుతూ తిప్పుతూనే ముసలివాడయ్యాడు. ప్లాంటు మూతబడి ఏళ్లు గడిచాక కాలనీవాళ్లంతా కలిసి తొట్లను గీకి, కడిగి, సున్నం కొట్టి, ఎండబెట్టి, బోరు నీళ్లు నింపి చేపపిల్లల్ని వదిలారు. నీళ్లు పరీక్ష చేయించిన చేపల శాఖ మేడం భేషుగ్గా ఉన్నాయంది. పాత మనిషని బాబాయినే కాపలా పెట్టింది.

అంతా బాగానే ఉంది గానీ, తినేవాళ్లే లేరు.

"ముందు మా వదినని తినమను అన్నా," అన్నాడు ఎదురింటి టైలరు. "ఆవిడ తిన్నాక మేమెందుకు తినం?"

అక్కడే వచ్చింది చిక్కు. బాబాయి భార్య, అంటే మన పిన్ని, పెళ్లైన కొత్తలోనే పెరటి గోడ దగ్గర బకెట్టూ సబ్బూ పెట్టింది. అక్కడ స్నానం చేస్తే గానీ ఆయన్ని గడప తొక్కనిచ్చేది కాదు. ప్లాంటు మూతబడినా బకెట్టు మాత్రం కదల్లేదు.

"ఒక్క ముక్క తినవే. నా చేత్తో పెంచాను," అని బతిమాలాడు బాబాయి.

"ఆ చేతి సంగతి తెలిసే తిననంటున్నా. ఆ గుంటలో చేప నా గిన్నెలో పడిందా, నేను మా అన్నయ్యింటికే."

"మీ అన్నయ్య ఒప్పుకోవద్దూ?"

గరిటె గాల్లోకి లేచింది. బాబాయి పెరట్లోకి తప్పుకున్నాడు.

పైకి నవ్వాడు గానీ లోపల గుచ్చుకుంది. జీవితమంతా కంపులోనే పని చేశాడు. ఇన్నాళ్లకు ఇంటికి తేదగ్గ వస్తువొకటి చేతికొస్తే, ఇల్లాలే ముక్కు మూసుకుంటోంది.

చేపల కేంద్రం తెరిచే రోజొచ్చింది. తొట్టె ముందు సిమెంటు ఆవరణ అద్దంలా కడిగి కుర్చీలు వేశారు. వాసనే లేకపోయినా జనం ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పిన్ని చివరి వరసలో, ఎప్పుడైనా లేచిపోయేట్టు కుర్చీ అంచున కూర్చుంది. చేపలు ఊరికే ఇస్తామని మేడం చెప్పినా ఒక్క చెయ్యీ లేవలేదు.

"సరే, పాత సైరన్ మోగించి మొదలుపెడదాం," అని మేడం మీట నొక్కింది.

సైరన్ కూసింది. పాత రోజుల్లో ఆ కూత వినగానే తొట్టె అడుగు వాల్వు తెరవడం బాబాయి పని. చేతులు మనిషిని అడిగి చేస్తాయా? గిర్రున తిప్పేశాయి. నీళ్లు కాలవలోకి దూకాయి. ప్లాంటు మూతబడ్డప్పుడే కాలవ చివర ఇటుకలతో మూసేశారు, దాంతో పొంగి ఆవరణలోకి తన్నుకొచ్చాయి. వాటితో చేపలూ వచ్చాయి.

"బాబాయ్! కట్టెయ్ బాబాయ్!" అని మేడం కేక.

బాబాయి కట్టేసేసరికి సగం తొట్టె ఖాళీ. రుమాళ్లు ఎటు పోయాయో! కుర్చీల కింద చేపలు టపటపలాడుతుంటే జనం మోకాళ్ల మీద పాకుతున్నారు. ఊరికే ఇస్తామంటే వద్దన్నవాళ్లే, తోక దొరికితే వదలడం లేదు. టైలరు చొక్కా విప్పి వలలా విసిరాడు. చొక్కానే చేప ఈడ్చుకుపోయింది.

ఇంతలో అసలు పెద్ద చేప పిన్ని కాళ్ల మధ్యకు దూసుకొచ్చింది. మొదట్లో కాస్త కోతలు కోశాను గానీ, నిజానికి అది మూరెడే. అదీ పొట్టివాళ్ల మూర. పిన్ని చటుక్కున కొంగుతో ఒడిసి పట్టింది.

"అది నాది వదినా! ముందు నా కుర్చీ కిందికే వచ్చింది," అంటూ టైలరు తోక పట్టుకున్నాడు.

"నీదెట్లా అవుతుందయ్యా? మా ఆయన పెంచిన చేప!"

ఆ మాటన్నది తనేనా అని పిన్నికే అనుమానం వచ్చింది. వాల్వు దగ్గర బాబాయి కళ్లు తుడుచుకుని, నీళ్లు చిందాయన్నాడు.

ఆ రోజు పెరటి బకెట్టు మొదటిసారి గడప దాటింది, చేపతో సహా. కూర ఉడికింది. పిన్ని ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. కిటికీ బయట టైలరు, అతని వెనక సగం కాలనీ.

"ఎలా ఉందే?"

"ఉప్పు తక్కువైంది," అంటూ ఇంకో ముక్క వేసుకుంది. కిటికీ దగ్గర జనం తమ చేపల కోసం ఇళ్లకు పరుగు తీశారు.

చేప కొలత కాక, ఇందులో నేను అల్లింది సైరన్ కూత ఒక్కటే. దాని మోటారు ఎప్పుడో తుప్పు పట్టింది. మేడం మీట నొక్కితే కిక్కురుమనలేదు. టైలరు చొక్కా సంగతి మాత్రం అక్షరాలా నిజం. మరి కూతే లేనప్పుడు బాబాయి వాల్వెందుకు తిప్పాడంటారా? నేనూ అడిగాను. మీసం దువ్వుకుంటూ, "కూర తినిపో," అన్నాడు.