రెండు బకెట్ల నీళ్ళు

మా శ్రీశైలం చనిపోయిన పద్నాలుగో రోజు పొద్దున వెంకట సాయి నాకు ఫోన్ చేశాడు. కారు కడగడానికి రమ్మన్నాడు.

శ్రీశైలం నా కొడుకు. ఇరవై మూడేళ్ళ వాడు. వెంకట సాయి తండ్రిది పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీ. అందులోనే మా వాడు కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. రియాక్టర్ పేలినప్పుడు దాని పక్కనే నిలబడి ఉన్నాడట. నేనేమో ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం లక్డారం నుంచి బీరంగూడ వెళ్ళి వెంకట సాయి కారుకు స్నానం పోసి, ఒళ్ళు తుడిచి, మైనం రాసి వచ్చే మనిషిని. ఇదంతా తెలిసి కూడా అతను ఫోన్ చేశాడంటే మీరు నమ్మరేమో. నేనూ ఒక నిమిషం నమ్మలేదు.

"నర్సన్నా, మీ అబ్బాయి సంగతి విన్నాను. చాలా బాధపడ్డాను," అన్నాడు. "ఆ రోజు నా కారు ఫ్యాక్టరీలోనే ఉంది, నిన్ననే ట్రక్కు మీద తెప్పించాను. మొత్తం బూడిద పడింది. అందులో ఏ యాసిడ్ ఉందో ఏమో, ఇంకా ఉంచితే రంగు తినేస్తుంది. వేరేవాళ్ళ చేతికి ఇవ్వలేను కదా. నీకు కూడా కాస్త మనసు మళ్ళినట్టు ఉంటుంది."

మనసు మళ్ళుతుందట! ఫోన్‌ను గోడకేసి కొట్టబోయాను. పక్కనే కూర్చుని అంతా విన్న నా భార్య సంగమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వస్తనని చెప్పు," అంది.

"నీకేమన్న మతి వోయిందా?"

"ముందుగాల వస్తనని చెప్పు."

చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఆమె నా వైపు చూడకుండా నేలను చూస్తూ మాట్లాడింది.

"ఆ బండి మీదున్న బూడిద ఆ కంపెనీలదే. మన పోరడు ఆ బూడిదల్నే ఉన్నడు. ఎంత దొరికితే అంత తీస్కరా. మట్టి చేద్దం."

పేలుడులో ఆరుగురు పోయారు. ఐదుగురిని మూటలు కట్టి ఇంటివాళ్ళకు ఇచ్చారు. నేను ఆస్పత్రిలో ఆ ఐదు మూటల మీది గుడ్డలూ నా చేత్తో ఎత్తి చూశాను. ఒకదాంట్లో చెయ్యి తప్ప మరేమీ లేదు. అది శ్రీశైలానిది కాదు. నా దగ్గర రక్తం తీసుకున్నారు, పోల్చి చూస్తామన్నారు, తరువాత దొరకలేదన్నారు. కంపెనీ ఆఫీసరు ఒకడు ఇంకాస్త ముందుకు పోయి, "మీ వాడు భయపడి ఎటైనా పారిపోయాడేమో, నాలుగు రోజులైతే వస్తాడు," అన్నాడు. కుర్చీ ఎత్తి వాడి మీదికి విసిరాను. తగల్లేదు. ఆ తరువాత మమ్మల్ని గేటు దగ్గరికి కూడా రానివ్వలేదు. లోపలి బూడిదనంతా పారలతో ఎత్తి టిప్పర్లలో ఎటో పంపించేశారు.

మా ఇళ్ళలో చనిపోయిన మనిషిని మట్టిలో పెడతాం. పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఏమీ లేకపోతే వాడు పోయినట్టా, ఉన్నట్టా? సంగమ్మ ఏడవలేదు. వాడు చివరిసారి తిని వెళ్ళిన కంచాన్ని కడగనూ లేదు. ఎవరైనా ముట్టుకోబోతే మీద పడి రక్కేది.

బీరంగూడలో వాళ్ళ ఇంటి ముందు పోర్టికోలో కారు ఉంది. పాతికేళ్ళ కిందటి విదేశీ స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టు పొట్టిగా ఉంటుంది. నల్లటి నలుపు. ఆ నలుపు ఆ రోజు ఎక్కడా కనిపించలేదు. బానెట్ మీద, పైకప్పు మీద, అద్దాల మీద బూడిద మందంగా పేరుకుని ఉంది. బానెట్‌కు చెయ్యి ఆనించి నిలబడబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎక్కడ ఆనించాలో తెలియలేదు.

ఈ బానెట్ ముందే నేను మా వాడికి ఉద్యోగం అడిగాను. రెండేళ్ళ కింద, పాలిష్ అయిపోయాక వెంకట సాయి అందులో తన ముఖం చూసుకుని మురిసిపోతున్నప్పుడు, ఇదే అదను అనుకుని, "మా పోరడు ఐటీఐ చదివిండు సార్, మీ కంపెనీల జెర చూడరాదుండ్రి," అన్నాను. "రేపు పంపించు," అన్నాడు. నా నోటితో నేనే అడిగాను. ఈ మాట ఇప్పటికీ సంగమ్మ ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది.

కారు కడగడం నాకు వెంకట సాయే నేర్పాడు, ఫోన్‌లో వీడియోలు చూపించి. ముందు ప్రెషర్ గన్‌తో నీళ్ళు కొట్టి దుమ్ము వదిలించాలి. తరువాత రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. ఉత్త నీళ్ళ బకెట్ అడుగున ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది. గుడ్డను అందులో జాడిస్తే దుమ్ము జల్లెడ కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది, మళ్ళీ కారు మీదికి రాదు. ముందు దుమ్ము వదిలించకుండా గుడ్డతో రుద్దితే మాత్రం రంగు మీద సన్నని గీతలు పడతాయి. నల్ల రంగు మీదైతే ఎండలో అవి దూరానికి కూడా కనిపిస్తాయి.

ఆ రోజు నేను గన్ ముట్టుకోలేదు. షాంపూ కలపలేదు. రెండు బకెట్లలోనూ మంచినీళ్ళు పట్టుకుని, రెండింటిలోనూ జల్లెడలు వేసి, మెత్తటి గుడ్డ తడిపి బూడిదను నెమ్మదిగా ఎత్తడం మొదలుపెట్టాను. ఒక్కసారి తుడవడం, బకెట్‌లో జాడించడం. మళ్ళీ తుడవడం. ఒక్క చుక్క కింద పడితే వేలితో అద్ది గుడ్డకు రాసుకున్నాను. రా బిడ్డా, రా, అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

వెంకట సాయి కాఫీ కప్పుతో బయటికి వచ్చాడు.

"ఏంటది? ముందు నీళ్ళు కొట్టాలి కదా?"

"గన్ కొడితే బూడిద సందులల్లకు పోతది సార్. లోపటి రబ్బర్లు ఖరాబైతయ్," అన్నాను. అబద్ధం నోట్లోంచి గడగడా వచ్చేసింది.

అతను తలాడించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళలో నా మాట మీద ఆమాత్రం నమ్మకం కుదిరింది. పదకొండు గంటలకు పైకప్పు, బానెట్, తలుపులు అయిపోయాయి. రెండు బకెట్లలో నీళ్ళు బురద రంగుకు తిరిగాయి. వాటిని గోడ నీడకు జరిపి మూతలు పెట్టాను. డిక్కీ ఒక్కటే మిగిలింది. ఇంకో అరగంట ఉంటే పని అయిపోయేది, నేను నా కొడుకును తీసుకుని ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి.

అతను మళ్ళీ వచ్చాడు. ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడుతోంది. వంగి చూశాడు, ఇటు నుంచి చూశాడు, అటు నుంచి చూశాడు. బానెట్ నిండా సాలెగూడు పట్టినట్టు గీతలు.

చెంప పగిలేలా కొట్టాడు. నా చేతిలోని గుడ్డ పడిపోయింది. నా వయసులో సగం ఉంటుంది అతనికి.

"ఏం చేశావురా నా కారును? కళ్ళు పోయాయా?"

"పాలిష్ కొడితే పోతయ్ సార్. మిషన్ పెట్టి నేనే తీస్త." నాకు కోపం రాలేదంటే అబద్ధమే. కానీ ఆ క్షణాన ఇంకో పది దెబ్బలైనా తినేవాణ్ణి. మూతలు పెట్టిన బకెట్ల వైపు అతని చూపు పోకుండా ఉంటే చాలు.

పోనే పోయింది. వెళ్ళి ఒక మూత ఎత్తి చూశాడు. అతని ముఖంలో రంగు మారింది.

"మురికినీళ్ళు పారబోయకుండా మూతలు ఎందుకు పెట్టావు?"

నేను అతని చేతిలోని మూత అందుకోబోయాను.

"శాంపిల్ తీసుకుపోతున్నావా? ఎవరు పంపారు నిన్ను? లాయరా? యూనియన్ వాళ్ళా? ఆ రోజు లోపల ఏముందో పట్టించడానికి వచ్చావు, అంతేనా?"

చెప్పేలోపే కాలితో తన్నాడు. బకెట్ దొర్లింది. నీళ్ళు టైల్స్ మీద పరుచుకుని, మోరీ రంధ్రం వైపు పారాయి. నేను ఎలా దూకానో నాకే తెలియదు. బోర్లా పడి, ఆ రంధ్రం మీద ఛాతీ ఆనించి అడ్డం పడుకున్నాను. నీళ్ళు నా అంగీకి తగిలి ఆగాయి. అతను నా పక్కటెముకల్లో తన్నాడు. ఒకసారి, రెండుసార్లు. ఏదో విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

"గా నీళ్ళల్ల నా కొడుకున్నడు సార్!" అని అరిచాను. "శాంపిల్ కాదు, నా కొడుకు! మట్టి చేసుకుంటం సార్, ఇంకేం వద్దు మాకు. మీ కాళ్ళు మొక్కుత."

అతను ఆగాడు. అర్థమైంది అతనికి. అర్థమైందని ముఖంలో స్పష్టంగా కనిపించింది, ఆ మాట కోర్టులో కూడా చెబుతాను. ఒక క్షణం కళ్ళు దించుకున్నాడు.

"పిచ్చెక్కిందా నీకు? అది కెమికల్," అన్నాడు. గొంతు తగ్గింది. "ఏదైనా కానీ. అది ఈ గేటు దాటడానికి వీల్లేదు."

రెండో బకెట్ వైపు వెళ్ళి దాన్ని కూడా తన్నాడు.

ఆ తరువాత జరిగిందానికి నేను పశ్చాత్తాపపడటం లేదు. పాక్కుంటూ వెళ్ళి అతని చీలమండ పట్టుకుని లాగాను. కింద పడ్డాడు, మూతి బంపర్‌కు కొట్టుకుంది. జుట్టు పట్టి లేపి, తళతళలాడాలని ఆరేళ్ళు నేను రుద్దిన ఆ బానెట్‌కే ముఖాన్ని వేసి కొట్టాను. మొదటి దెబ్బకు ముక్కు పోయింది. రెండో దెబ్బకు పళ్ళు. చెయ్యి అడ్డం పెట్టబోతే మణికట్టు మెలి తిప్పాను, అది విరిగింది. నల్ల రంగు మీద రక్తం పెద్దగా కనిపించదు. కనిపించేదాకా కొట్టాలనిపించింది. కొట్టాను.

గేటు దగ్గర ఉండే బీహార్ వాచ్‌మన్ పరుగెత్తుకు వచ్చి నా నడుం పట్టుకున్నాడు. "చాచా, ఛోడ్ దో! మర్ జాయేగా!" అంటూ, వదలకపోతే చచ్చిపోతాడని ఏడ్చాడు. విదిలించాను. గోడకు తగిలి పడి అక్కడే కూర్చుండిపోయాడు.

నీళ్ళు మోరీలోకి జారిపోతున్నాయి. వెంకట సాయి మెడ పట్టుకుని ఈడ్చుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. కారు తుడిచే గుడ్డలన్నీ తెచ్చి అతని ముందు పడేశాను.

"తుడువు."

"వదిలేయ్ నర్సన్నా..."

"తుడువు! ఒక్క చుక్క ఇడిసిపెడితే సంపుత."

తుడిచాడు. ఒంటిచేత్తో, ఏడుస్తూ, ముక్కులోంచి రక్తం కారుతుంటే టైల్స్ మీది బూడిద నీళ్ళు గుడ్డకు పట్టించాడు. నేను పక్కనే కూర్చుని ఆ గుడ్డల్ని బకెట్‌లో పిండాను. ఒక బకెట్‌లో సగానికి తక్కువే వచ్చింది. అందులో మా వాడు ఎంతో, వాళ్ళ మందులు ఎంతో, అతని రక్తం ఎంతో దేవుడికే తెలియాలి. నేను మూత పెట్టి, బకెట్‌ను ఒడిలో పెట్టుకుని, గేటుకు ఆనుకుని కూర్చున్నాను. లేచి నడిచే బలం లేకపోయింది. పోలీసులు వచ్చేదాకా అలాగే ఉన్నాను.

ఎస్సై చెడ్డవాడు కాదు. నేను చెప్పిందంతా ఓపికగా విన్నాడు. బకెట్ మాత్రం ఇవ్వలేదు.

"కేసు తేలేదాకా ఇయ్యరాదు పెద్దాయనా. అది సాక్ష్యం," అన్నాడు.

కంపెనీ కేసులో ఇంతవరకూ కోర్టుకు ఏ సాక్ష్యమూ చేరలేదట, విచారణ నడుస్తోందట. నా కేసులో మాత్రం అన్నీ పక్కాగా ఉన్నాయి. సీలు వేసిన బకెట్ ఒకటి, తడిగుడ్డలు తొమ్మిది, వాటికి ఒక నంబరు.

పన్నెండు రోజులకు బెయిల్ వచ్చింది. పక్కటెముకలకు కట్టుతో బయటికి వచ్చాను. సంగమ్మ జైలు దగ్గరికి రాలేదు. లక్డారంలో మా ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి బక్కమ్మ గడపలోంచి తల బయటపెట్టి, "పొద్దుగాల్నే పోలీస్ స్టేషన్ కాడికి పోతది. చీకటి పడ్డంక వస్తది. దినాం గంతే," అని చెప్పింది.

ఆటో పట్టుకుని వెళ్ళాను. స్టేషన్ ఆవరణలో, పట్టుకొచ్చిన సామాన్లు పెట్టే గది కిటికీకి ఎదురుగా, నేల మీద కొంగు పరుచుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. కొంచెం జరిగి చోటిచ్చింది.

"తిన్నవా?" అని అడిగింది.

మేము ఇద్దరం అలా కూర్చుని ఉండటం చూసి, కానిస్టేబుల్ ఒకతను మెట్లు దిగి వచ్చాడు.

"ఏందమ్మా, నీ పెనిమిటి ఇడుదలై వచ్చిండు గద. ఇంకేం పని ఈడ? ఇంటికి పోండ్రి ఇగ."

"మా పోరడు లోపట్నే ఉన్నడు గద సార్," అంది సంగమ్మ.

అతను ఆ గది కిటికీ వైపు చూశాడు. మళ్ళీ మెట్లెక్కి లోపలికి వెళ్ళాడు. మేము అక్కడే కూర్చున్నాం.