బెనీతా అడిగింది

ఇలా దగ్గరగా జరగండమ్మా, పొయ్యి పక్కకి. ఇది ఆడవాళ్లం ఒకరి చెవిలో ఒకరం వేసుకోవాల్సిన సంగతి.

మా కొండమీది ఆసుపత్రిలో సాతుర్నీనా నేల తుడిచేది. ఈ సంగతి జరిగిన ఉదయం కూడా తుడుస్తూనే ఉంది. లీమా పట్నం నుంచి వచ్చిన డాక్టరుకి మన క్వెచువా భాష రాదు. కాన్పుకొచ్చే ఆడవాళ్లకి ఆయన స్పానిష్ రాదు. మధ్యలో మాటలు మోసేది సాతుర్నీనాయే. తుడిచినందుకు జీతం ఉంది, మోసినందుకు ఏమీ లేదు. "ఊళ్లోవాళ్ల కోసం నోరు అరగదీసుకో, ఇంట్లో చారు చల్లారిపోనీ" అనేవాడు మొగుడు ఫౌస్తో. అత్త అయితే, "పరాయి కడుపుల గొడవ దీనికి, గొర్రెల గొడవ నాకు" అని సణిగేది. డాక్టరు ఆమెను ఒక్కరోజూ పేరుతో పిలవలేదు. చిన్నా పెద్దా తేడా లేకుండా కొండ ఆడవాళ్లందరూ ఆయనకి 'మామీతా'లే, చిట్టితల్లీ అని పసిపిల్లని బుజ్జగించినట్టు.

ఆ రోజు నొప్పులతో బెనీతా వచ్చింది. "అక్కా, ఈ ఉన్ని పావడాలు విప్పొద్దని చెప్పు. తాడు పట్టుకుని గొంతుకూర్చుని కంటాను. కన్నాక నడికట్టు బిగించి కట్టమను. చలిగాలి లోపలికి పోతే నేను బతకను" అంది.

సాతుర్నీనా నోరు తెరిచిందో లేదో, డాక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆమె కథలన్నీ నాకెందుకు మామీతా? పడుకోమను."

"పడుకోమంటున్నారు చెల్లీ" అంది సాతుర్నీనా.

బెనీతా పడుకుంది. మగపిల్లాడు పుట్టాడు. నర్సు మురికి మురికి అంటూ పావడాలూ నడికట్టూ తీసేసి, పచ్చి బాలింతని చన్నీళ్లతో కడిగింది. "రక్తం ఎక్కువ పోతోంది, రేపటిదాకా కదలొద్దని చెప్పు" అన్నాడు డాక్టరు. అదీ చెప్పింది సాతుర్నీనా. కానీ బెనీతా అప్పటికే గోడవైపు తిరిగిపోయింది. తన మాట ఒక్కటీ చేరవేయని నోటిని ఎవరు నమ్ముతారు? మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా, బిడ్డను దుప్పట్లో వీపుకి కట్టుకుని, ఇంటి పొయ్యి వెచ్చదనం కోసం బయల్దేరింది. కనుమ దాటకముందే కూలబడింది. ఏడుపు విని గొర్రెలవాళ్లు వెళ్లేసరికి బిడ్డ ఒక్కడే మిగిలాడు.

"చెప్పినా అర్థం చేసుకోరు వీళ్లు" అన్నాడు డాక్టరు. ఆసుపత్రి చావు కాగితంలోనూ అలాగే రాశాడు. సాతుర్నీనా తుడుపుకర్ర పట్టుకుని నిలబడిపోయింది. అర్థం కాకపోవడమేమిటి, బెనీతాకి అంతా అర్థమైంది, ఆయన అర్థం చేసుకోవాల్సిన మాట నా నాలుక మీద ఉంది, నేను మింగేశాను, మొగుడి ముందు మింగినట్టే, అత్త ముందు మింగినట్టే, మింగడం అంత అలవాటైపోయింది నాకు, అనుకుంది.

వారం తిరగ్గానే కాసిల్డా అనే పిల్ల తొలికాన్పుకొచ్చింది. "పడుకోమను మామీతా" అన్నాడు డాక్టరు.

సాతుర్నీనా ఆ పిల్ల పక్కన నేలమీద కూర్చుంది. "ముందు ఈమె చెప్పేది మీరు వినండి డాక్టరుగారూ. అప్పటిదాకా మీ మాట ఈమెకి చేరదు."

"నేల తుడిచేదానివి నువ్వు. చెప్పిన పని చెయ్యి!"

"నేల తుడిచాను, చూసుకోండి. ఇది నేను ఊరికే చేసే పని. ఊరికే చేసేది మానడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు."

కాసిల్డా పళ్లు బిగించి మూలిగింది. డాక్టరు ఆ పిల్లని చూశాడు, తలుపుకేసి చూశాడు. నర్సుకీ క్వెచువా రాదు, మాట చేర్చేవాళ్లు ఇంకెవరూ లేరు.

"సరే, ఏం కావాలంటోంది?" అన్నాడు చివరికి.

కాసిల్డా గొంతుకూర్చునే కన్నది. నెలాఖరుకి సాతుర్నీనాని పనిలోంచి తీసేశారు. మీరు మరిచిపోకండమ్మా, కాన్పుకెళ్లే పిల్ల ఎవరు కనబడినా చెప్పండి. బెనీతా ఎలా పోయిందో తర్వాత చెబుదురుగాని, ఏమడిగిందో ముందు చెప్పండి.