ఇమాం సాబ్ పెట్ట రేపిన దుమ్ము

ఇమాం సాబ్ గీసిన కోడిపెట్టను చూసి పిల్లి ఒకటి మా మగ్గాల షెడ్డు గుమ్మంలో మూడు రోజులు కాపు కాసిందని చెబితే మీరు నమ్మరు. నమ్మకండి. రెండు రోజులే.

కానీ ఆ కాగితం మొదటిసారి నా ముందు పరిచినప్పుడు నాకు తుమ్ము వచ్చిన మాట నిజం. ఆ పెట్ట కాళ్లతో అంత దుమ్ము రేపుతోంది.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. ఎమ్మిగనూరులో రంగనాయకులు షెడ్డులో గోడకు తగిలించుకునే బొమ్మల గుడ్డలు నేసేవాళ్లం. బొమ్మ ముందుగా గ్రాఫు కాగితం మీద పడాలి. అందులో ఒక గడి నింపితే మగ్గం అట్టలో ఒక చిల్లు, చిల్లు ఉన్నచోట గుడ్డ మీద ఒక చుక్క. అన్ని చుక్కలూ కలిస్తేనే నెమలో, ఏనుగో. గీసేది ఇమాం సాబ్. గడులు నింపి సాపు చేసేది నేను, తిమ్మయ్యను.

ఇమాం సాబ్ ఆదోనిలో జట్కా బండ్లకు పూలూ పక్షులూ వేసిన మనిషి. జట్కాలు తగ్గి, అరవై దాటాక మా దగ్గరికి వచ్చాడు. గ్రాఫు గీతలంటే ఆయనకు లెక్కే లేదు. పెన్సిలుతో బరబరా గీకి, తోచిన గడుల్లో చుక్కలు పెట్టి, కాగితం నా మీదికి తోసి, పెన్సిలు నా చెవి మీద పెట్టేవాడు. నేనా, హొళగుంద బడిలో గుండ్రంగా రాయలేదని వేళ్ల మీద దెబ్బలు తిని ఎదిగినవాణ్ణి. నేను నింపిన గడిలో రంగు వెంట్రుకవాసి కూడా గీత దాటదు.

"మామా, ఈ కోడి కల్లు తాగిందా? ఊగుతాండాది" అని ఏడిపించేవాణ్ణి.

"నీ కోళ్లు మాత్రం ఏం అల్లుడా, పోలీసు పరేడుకు పోతాండాయి" అనేవాడాయన.

మద్రాసు నుంచి ఒక వ్యాపారి నమూనాలు చూడడానికి వస్తున్నాడని కబురందింది. రంగనాయకులు ఇమాం సాబ్‌ను పిలిచి నా ఎదుటే చెప్పాడు.

"సాబూ, రెండేండ్లుగా నీ బొమ్మ ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఈసారి ఆయన ఒప్పుకుంటే ఉండు. లేదంటే ఆదోనికి పో. నాకు తిమ్మయ్య ఒక్కడు సాలు."

ఇమాం సాబ్ ఆదోనిలో ఇంటికి పోయి, భార్య దౌలత్‌బీ పెంచే పెట్ట ముందు వారం రోజులు కూర్చున్నాడట. తిరిగొచ్చి ఒక్క పూటలో గీసేశాడు. ఒక కాలు ఎత్తి, మెడ పక్కకు తిప్పి, వెనక్కి మట్టి చిమ్ముతున్న పెట్ట. తోక వెనక చెదురుమదురుగా నలభై చుక్కలు.

"నాకు జ్వరం తగిలేటట్టుండాది. ఇంక నీ సేతిలోనే ఉండాది అల్లుడా" అని ఆదోని బస్సెక్కాడు.

మా పనిలో ఒంటి గడి ఉండకూడదు. పక్కన తోడు లేని చుక్క గుడ్డ మీద ఈగ వాలినట్టు కనబడుతుంది, చూసేవాడు మరక అనుకుంటాడు. పని నేర్పిన కృష్ణప్ప నాకు మొదటి రోజు చెప్పిన మాట అదే. ఇమాం సాబ్ తోక వెనక పెట్టినవన్నీ ఒంటి గడులే. పైగా ఆయన చెయ్యి వణకడం కొంతకాలంగా చూస్తూనే ఉన్నాను. పొద్దున ఆ దుమ్ముకు తుమ్మినవాణ్ణే, మధ్యాహ్నం రబ్బరు తీశాను. ముక్కుకు తెలిసింది చేతికి తెలియలేదు. చుక్కలు చెరిపాను. వంకర మెడను నిలబెట్టాను. ఎత్తిన కాలి కింద నాలుగు గడులు చేర్చి నేలకు దించాను. ఆయన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను. ఇది మాత్రం కోతలు కోయడం కాదు.

అట్టలు కొట్టారు, గుడ్డ నేశారు. మద్రాసాయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు. "కానీ ఇటువంటి కోడి మా ఊళ్లో అగ్గిపెట్టె మీద కూడా ఉంటుంది" అని పక్కన పెట్టాడు.

ఆయన వెళ్లిన నాలుగో రోజు ఇమాం సాబ్ వచ్చాడు. గుడ్డ మీద తోక వెనక ఖాళీని వేలితో తడిమాడు.

"దుమ్ము యాడికి పోయిందప్పా?"

చెరిపానని చెప్పాలి. తప్పయిందని అనాలి. నా నోటికి అలవాటైనదే వచ్చింది.

"నేనే ఊడ్చినాను మామా. నీ పెట్ట షెడ్డంతా గలీజు సేస్తాంటే!"

మగ్గాల మీదున్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. నేనప్పుడు కంగారుపడి, "మళ్లీ గియ్యి మామా, నేను రంగనాయకులన్నతో మాట్లాడతా" అన్నాను.

"యాడ గీసేది అల్లుడా? సుట్టాలొస్తే మొన్ననే ఆ పెట్టను కోసినాం."

ఆ సాయంత్రమే పెన్సిళ్లు గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఆ దుమ్మును నేనే పెట్టబోయాను. ఎన్ని కాగితాలు పాడుచేశానో! ఎక్కడ పెట్టినా ఈగలే. వరసగా పెడితే చీమలు. ఎనభై నాలుగులో, ఉన్నవాటిలో మంచిదాన్ని సంచిలో పెట్టుకుని ఆదోని వెళ్లాను. ఇమాం సాబ్ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. దౌలత్‌బీ టీ ఇచ్చింది. ఆయన బొమ్మలు గీయడం మానేసి ఆరేళ్లయిందని ఆమే చెప్పింది.

కాగితం పరిచి పెన్సిలు అందించాను. "సరిసెయ్యి మామా. ఎన్ని సుక్కలైనా పెట్టు. ఒక్కటీ సెరపను."

ఆయన చాలాసేపు చూశాడు. "శుబ్రంగా ఉండాది అల్లుడా" అన్నాడు. పెన్సిలు తీసుకుని, షెడ్డులో చేసినట్టే, నా చెవి మీద పెట్టాడు.

నేను కాగితం మడుచుకున్నాను. టీ చల్లారిపోయింది. దౌలత్‌బీ నా వంక చూసి అడిగింది.

"ఏం తిమ్మయ్యా, ఒంట్లో బాగలేదా? వచ్చినప్పటి నుంచి ఒక్క ఎకసెక్కెమూ ఆడలేదే."