కింది గదిలో పొగ

“రోజూ వంట చేస్తారు అనడానికీ, ఇప్పుడు వంట చేస్తున్నారు అనడానికీ తేడా ఏమిటి? కిరీటీ, నువ్వు చెప్పు. కావ్యా, నువ్వు అందించకు.”

“ఒకటి ఎవ్రీ డే, ఒకటి రైట్ నౌ,” అన్నాడు కిరీటి సీరియల్ నములుతూ.

“మింగి చెప్పు. రూడో వాళ్ళ షోనా భాషలో చెప్పు.”

శనివారం పొద్దున్న పది కావస్తోంది. స్కార్‌బరోలో కూతురింట్లో, బేస్‌మెంటుకు దిగే మెట్లలో పైమెట్టు మీద కూర్చుని ఉంది హైమావతమ్మ. చేతిలో తడిగుడ్డ, పక్కన సబ్బునీళ్ళ బక్కెట్టు. సోమవారం కింది గదిలో కొత్తగా ఒకబ్బాయి అద్దెకు దిగుతున్నాడు. అక్కడ కిటికీ పైన గోడంతా మసి. పెయింటర్ని పిలుస్తానత్తయ్యా అన్నాడు అల్లుడు అచ్యుత్. నేను తుడుస్తాలే అని పూనుకుని, సగం తుడిచి, ఏమనిపించిందో పైకొచ్చి మనవల దగ్గర కూర్చుంది.

ఆ మసి ఈ ఇంటిది కాదు. జింబాబ్వేలో మస్వింగో దగ్గర ఒక పల్లెలో, రూడో వాళ్ళమ్మ కట్టెల పొయ్యిది.

రూడో ఆ గదిలో ఏడాదిన్నర అద్దెకుంది. ఆ రోజుల్లో ఏ బస్సెక్కినా స్టూడెంట్లే, ఏ బేస్‌మెంటు తలుపు తట్టినా స్టూడెంట్లే. కాలేజీ, కాఫీ షాపులో షిఫ్టు, నిద్ర. తన భాష మాట్లాడటానికి మనిషి లేక, ఆ పిల్ల ఉల్లిపాయలు తరుక్కుంటూ తనలో తనే అనుకునేది: “అమై వరి కుబిక.” అమ్మ వంట చేస్తున్నారు అని. అనగానే కిటికీ దగ్గర సన్నగా కట్టెల పొగ లేచేది. వెనకాలే వేరుసెనగ ముద్ద వేసి వండిన ఆకుకూర వాసన. ఇక్కడ పొద్దున్న పదంటే అక్కడ పొద్దు వాలే వేళ, పొయ్యి వెలిగించే వేళ. పైన స్మోక్ అలారం మోగేది.

“వాళ్ళమ్మగారు పొయ్యి వెలిగించినట్టున్నారు,” అనేవాడు అచ్యుత్ ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా. కూతురు ధాత్రి కుర్చీ వేసుకుని అలారం బ్యాటరీ తీసేది.

కాకినాడలో ముప్ఫయ్యేళ్ళు ఒకటో తరగతికి పాఠాలు చెప్పిన మనిషి వాసన చూసి ఊరుకుంటుందా? హైమావతమ్మ నోట్‌బుక్కు పట్టుకుని మెట్లు దిగింది.

“నాకు నేర్పు తల్లీ. తప్పులు దిద్దడానికి మొహమాటపడకు.”

“మొదట ఎవరో చెప్పాలి, అంబుయా,” అంది రూడో. అంబుయా అంటే వాళ్ళలో అమ్మమ్మ. “మధ్యలో ఎప్పుడో చెప్పాలి. చివర ఏం పనో చెప్పాలి. మధ్యలో ‘నో’ పెడితే ఎప్పుడూ చేసే పని. వనోబిక, వండుతారు. ‘రి కు’ పెడితే ఇప్పుడు చేస్తున్న పని. వరి కుబిక.”

“ముందున్న ‘వ’ అంటే వాళ్ళు అన్నావు. మీ అమ్మ ఒక్కరేగా?”

“పెద్దవాళ్ళని ఒక్కరన్నట్టు మాట్లాడం.”

“మా దగ్గరా అంతే,” అని సంబరంగా రాసుకుంది హైమావతమ్మ.

‘నో’ పెట్టి ఎన్నిసార్లు అన్నా గదిలోకి ఏమీ వచ్చేది కాదు. ‘రి కు’ పెడితే వచ్చేది, అది నిజమైతేనే. కిరీటి ఒకసారి, మా నాన్న డాన్స్ చేస్తున్నారు అని షోనాలో పదిసార్లు అన్నాడు. “ఇట్స్ బ్రోకెన్,” అన్నాడు చివరికి. “బ్రోకెన్ కాదురా, మీ నాన్న మీటింగులో ఉన్నాడు,” అంది అమ్మమ్మ.

రోజూ పొద్దున్నే పైమెట్టు మీంచి పలకరించేది: “మురిపో హెరె?” ఉన్నారా, బాగున్నారా అని. “చిన్నపిల్లని, నన్ను మీరు అంటారేంటి అంబుయా,” అని నవ్వేది రూడో. “శ్రద్ధగా చదువుకునే పిల్లల్ని నేను మీరు అనే అంటాను.” అప్పుడు కిందనుంచి జవాబు వచ్చేది: “న్దిరిపో కన మురిపో.” మీరుంటే నేనున్నాను. ఆ పలకరింపుకు ఆ జవాబు ఇవ్వకుండా వాళ్ళలో ఎవరూ గడప దాటరట.

నిరుడు డిసెంబరులో, ఒక గురువారం, రూడో వాళ్ళన్న హైమావతమ్మకు ఫోన్ చేశాడు. అమ్మ పోయారు అన్నాడు. మంగళవారం చెల్లికి చివరి ఎగ్జామ్. స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసి ఉంది, ఇప్పుడు దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో. “అమ్మకి జ్వరం, పడుకున్నారు అని చెప్పాం. పరీక్షయ్యేదాకా మీరూ చెప్పకండి, అంబుయా. చెల్లి చదువుకోవాలని అమ్మకే ఎక్కువ ఉండేది.”

తన టీచర్ ట్రైనింగు పరీక్షలప్పుడు నాన్న పోయిన సంగతి ఇంట్లోవాళ్ళు పదకొండు రోజులు దాచారు హైమావతమ్మకు. పరీక్ష ఫస్టు క్లాసులో పాసైంది. ఆ మార్కుల కాయితం ఇప్పటికీ చూడబుద్ధి కాదు. అన్నీ తెలిసీ, “సరే బాబూ, చెప్పను,” అంది.

శుక్రవారం పాఠానికి దిగి, “ఇవాళ ‘నో’ ఒక్కటే చదువుకుందాం,” అంది.

“అది మీకు ఎప్పుడో వచ్చేసిందిగా.”

“రివిజన్ అనుకో.”

రూడో ఆవిడ మొహంలోకి చూసి, పుస్తకం తెరిచింది.

శనివారం పది గంటలకు మెట్ల దగ్గర నిలబడి వింటోంది హైమావతమ్మ. ముందు, “అమై వరి కుబిక.” పొగ రాలేదు. జ్వరం కదా, వండరు. “అమై వరి కురారా.” అమ్మ నిద్రపోతున్నారు. ఎప్పుడూ ఆ మాటకు సన్నటి గురక వచ్చేది. రాలేదు. తర్వాత బాగా మెల్లిగా, “అమై వరి కుఫెమా.”

అమ్మ ఊపిరి పీలుస్తున్నారు.

బయట మంచు తవ్వే పార చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

హైమావతమ్మ దిగింది. రూడో వెనక్కి తిరక్కుండానే, “మీకు తెలుసు కదూ,” అంది.

“తెలుసు తల్లీ.”

“ఎప్పటినుంచి?”

“గురువారం నుంచి.”

రూడో కిటికీ వైపే చూస్తూ ఇంకొక్క మాట అంది, ఈవిడకు ఎప్పుడూ నేర్పని మాట. “వన్హు వరి కుచెమా.” జనం ఏడుస్తున్నారు. అనగానే గది నిండిపోయింది. ఆడవాళ్ళ ఏడుపు, దాని మధ్యలోంచి పాట, డప్పు, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్న గొంతు. పైన పిల్లలు కార్టూన్ ఆపేశారు. అచ్యుత్ ల్యాప్‌టాప్ మూసి లేచి నిలబడ్డాడు. ఆ చప్పుడు మధ్యాహ్నం దాకా ఆగలేదు, ఎవరూ ఆపమనలేదు.

సాయంత్రం ఫ్లైటుకు బయల్దేరింది రూడో. ఎగ్జామ్ అనలేదు, పర్మిట్ అనలేదు. సోమవారం దాకా అమ్మను మట్టిలో పెట్టకుండా ఆపుతామన్నాడు అన్న. ట్యాక్సీ ఎక్కబోతుంటే హైమావతమ్మ చెప్పుల్లేకుండా మంచులోకొచ్చి, “మురిపో హెరె?” అంది. రూడో ఆవిడ్ని కావలించుకుంది. జవాబు మాత్రం ఇవ్వలేదు.

తర్వాత రెండు మెసేజీలు వచ్చాయి. ఆ పైన ఆ నంబరు కలవలేదు. ఏడాది కావస్తోంది.

“అమ్మమ్మా, జస్ట్ సే ఇట్,” అంది కావ్యశ్రీ. “రూడో గురించి.”

“రూడో అనోబిక,” అంది హైమావతమ్మ. “చిన్నది కాబట్టి ‘అ’. రూడో వంట చేస్తుంది. రాసుకోండి.”

“దట్స్ ద ఎవ్రీ డే వన్. యూ ఆల్వేస్ డూ దట్ వన్.”

“ఆ ఒక్కటి చాలు.”

“ఎందుకు?”

ఆవిడ తడిగుడ్డ పిండింది. ఏ మాటకీ గది పలక్కపోవడం ఒకసారి చూసింది. రెండోసారి చూసే ధైర్యం లేదని ఎనిమిదేళ్ళ పిల్లకి ఎలా చెబుతుంది?

“నీకు పాఠం వచ్చిందా లేదా, అంతవరకే,” అంది.

“వచ్చింది,” అంది కావ్యశ్రీ. అమ్మమ్మ ఆపేలోపు మెట్ల మీంచి కిందికి వంగి, ఒక్క తప్పు లేకుండా అనేసింది: “రూడో అరి కుబిక.”

హైమావతమ్మ కళ్ళు మూసుకుంది. కింద ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోయింది. కిరీటి చెంచా గిన్నెలోనే పట్టుకుని ఉన్నాడు.

ముందు వాసనే వచ్చింది. పచ్చిగా ఉన్న కట్టె, సరిగ్గా అంటుకోకుండా పొగచూరుతున్న వాసన. వాళ్ళమ్మ చెయ్యి కాదు, పొయ్యికి ఇంకా అలవాటు పడుతున్న చెయ్యి. తర్వాత, కొంచెం మాడిన వేరుసెనగ ముద్ద. పైన అలారం మోగింది.

“బ్యాటరీ తియ్యనా?” అన్నాడు కిరీటి.

“కాసేపు మోగనీ,” అంది హైమావతమ్మ. బక్కెట్టు పట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. మొదటి మెట్టు దిగి, “న్దిరిపో,” అంది కింది గదితో, నేనున్నాను అని. మళ్ళీ మనవల వైపు తిరిగి, “గోడ సగంలో వదిలేసొచ్చాను,” అని దిగిపోయింది.